వాసన ఆగిపోయిన పూట

"ఆ కిటికీ మూయకు!"

అత్తగారి కేక వంటింట్లోంచి వచ్చేసరికే కోడలు హాల్లో రెండు కిటికీలు మూసేసి మూడోదాని గడియతో కుస్తీ పడుతోంది.

"మూయాలి అత్తయ్యా."

"ఇన్నాళ్ళూ ఆ కుళ్ళిన గుడ్ల కంపుతో ప్రాణాలు పోయాయి. ఇవాళ పొద్దున్నుంచే కాస్త గాలి పీల్చుకుంటున్నాం. తెరిచిన కిటికీ తెరిచినట్టే ఉండనీ."

అంటూనే ఆవిడ వచ్చి, మూసిన మొదటి కిటికీ తెరిచింది. కోడలు వెనక్కి తిరిగి దాన్ని మూసింది. ఈలోగా అత్తగారు రెండోది తెరిచింది.

వీధిలో ఆ కోడల్ని అందరూ రాళ్ళ డాక్టరు అంటారు. ఊరి నెత్తిన కూర్చున్న అగ్నిపర్వతం కక్కిన రాళ్ళనీ, బూడిదనీ, ఆవిరినీ పరీక్షించి, అవి ఎంత లోతునుంచి వచ్చాయో, లోపల ఏం ఉడుకుతోందో చెప్పడం ఆమె ఉద్యోగం. కొండ అంచుదాకా ఎక్కి, పొగలు చిమ్మే బొక్కల్లో గొట్టాలు దూర్చి, సీసాల్లో ఆవిరి పట్టుకొచ్చే మనిషి. అలాంటి మనిషి మిట్టమధ్యాహ్నం ఆఫీసు జీపు దిగి, లేబరేటరీ కోటైనా విప్పకుండా పరుగెత్తుకొచ్చి కిటికీల మీద పడితే ఇంట్లోవాళ్ళు ఏమనుకోవాలి?

ఆడపడుచు నెలలు నిండిన కడుపుతో మంచం మీద కూర్చుని, పుట్టబోయే బిడ్డకోసం కుట్టించిన గుడ్డలు మడతపెడుతోంది. మడత ఆపి వదిన మొహంలోకి చూసింది.

"ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకో. నీ మందులు పెట్టుకో. ఇంకేం వద్దు."

"ఏమీ కాకపోతే బట్టలెందుకు?"

రాళ్ళ డాక్టరు అటక మీది సంచి లాగింది. దానితోపాటు ఒక పాత దుప్పటీ, ఊచలు విరిగిన గొడుగూ నెత్తిమీద పడ్డాయి. మామూలు రోజైతే ముగ్గురూ నవ్వుకునేవాళ్ళే.

అత్తగారు సంచి రెండో పిడి పట్టుకుంది.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇప్పుడు పొగ లేదు, వాసనా లేదు. కొండ చల్లబడిందని పొద్దున రేడియోలో మీ ఆఫీసు పెద్దాయనే చెప్పాడు. ఇంకా ఏ నిప్పు గురించే నీ గోల?"

"వాసన ఆగిపోయిందనే భయం అత్తయ్యా."

వంటింట్లో కుక్కరు ఒక విజిల్ వేసి ఊరుకుంది.

రాళ్ళ డాక్టరు అటువైపు వేలు చూపించింది. "ఆ కుక్కరే ఉంది. ఆవిరి పోయే దారికి ఏదో అడ్డం పడి విజిల్ ఆగిపోయిందనుకోండి. చప్పుడు రావడం లేదు కాబట్టి స్టవ్ ఆరిపోయిందనుకుంటారా?"

"నువ్వు ఊహించుకుంటున్నావు."

"ఊహ అయితే ఎంత బాగుండు! తెల్లవారుతుండగా కొండ ఒకసారి దగ్గింది కదా. గుమ్మాల ముందు పల్చగా బూడిద పడింది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇంతకుముందు పడిందంతా పాత రాయి పొడి. గోడ గీకితే రాలే సున్నం లాంటిది. ఇవాళ్టి బూడిదలో కొత్త గాజు ఉంది. కరిగిన రాయి అప్పటికప్పుడు చల్లారితే వచ్చే గాజు. తళతళ మెరుస్తోంది."

"మెరిస్తే?"

"ఆ గాజులో నల్లటి స్ఫటికాలున్నాయి. శిలాద్రవం లోతునుంచి మెల్లగా పైకి వస్తే, వాటి చుట్టూ మసిలాంటి అంచు కడుతుంది. దారిలో ఆలస్యమైనకొద్దీ ఆ అంచు మందమవుతుంది. నేను చూసినవాటికి అసలు అంచే లేదు." ఆమె కిటికీలోంచి కొండవైపు చూసింది. "ఎక్కడా ఆగకుండా వచ్చిందత్తయ్యా. వచ్చి మూత కింద కూర్చుంది."

ఆడపడుచు ఒళ్ళోని గుడ్డలు కింద పడిపోయాయి.

"ఆయన పొద్దున్నే క్వారీకి వెళ్ళారు వదినా."

క్వారీ కొండ నడుము మీదే ఉంది. ఎవరూ పుట్టని కాలంలో పారి గడ్డకట్టిన లావా అక్కడ గోడలా నిలబడితే, దాన్ని పేల్చి రోడ్లకీ ఇళ్ళకీ రాయి తీస్తారు. ఆడపడుచు భర్త అక్కడ మేస్త్రి. మందు పేల్చే చోట ఫోన్లుండకూడదని అందరివీ గేటు దగ్గరే తీసుకుని పెట్టెలో పడేస్తారు.

"దారిపొడుగునా చేస్తూనే ఉన్నాను. గేటు దగ్గర ఎవరూ ఎత్తడం లేదు."

"ఆయన రాకుండా నేను కదలను."

"దాన్ని కదలనిచ్చేదెవరు?" అంది అత్తగారు. జీవితమంతా ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. "ఇవాళో రేపో అన్నట్టున్న పిల్లని ఆ గతుకుల రోడ్డు మీద తిప్పుతావా? దారిలో నొప్పులొస్తే? నీ కొండకి ఏమవుతుందో నాకు తెలీదు. దీనికేమవుతుందో మాత్రం నాకు బాగా తెలుసు."

వీధి చివర బస్సు ఆగిన చప్పుడైంది.

రాళ్ళ డాక్టరు భర్త టౌను బస్సు డ్రైవరు. ఆఖరి స్టాపు ఆ వీధి చివరే కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వస్తాడు. లోపల అడుగుపెడుతూనే నేలమీది గొడుగునీ, తల్లీ భార్యా చెరోవైపు పట్టుకున్న సంచినీ చూశాడు.

"ఎవరి పెళ్ళికి ప్రయాణం?"

ఎవరూ నవ్వలేదు. భార్య చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"మీ ఆఫీసే ప్రమాదం లేదంది కదా?"

"అన్నది మా ఆఫీసు. చూసింది నేను."

"నువ్వు పొరపాటు పడి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. పొరపాటైతే బాగుండని మళ్ళీ మళ్ళీ చూశాను."

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంకెవరికి చెప్పావు?"

"ఆఫీసులో చెప్పాను. సాయంత్రం కమిటీ కూర్చుంటుందట. అంతవరకూ నోరు మెదపొద్దన్నారు."

"మరి మాకెందుకు చెప్తున్నావు?"

"మీరు నావాళ్ళు కాబట్టి."

"పక్కింటి టైలరు ఎవరివాడు? ఎదురింటి ముసలాయన ఎవరివాడు?"

"వీధిలోకి వెళ్ళి అరవమంటారా? ఊరికి ఉన్నది ఒకే వంతెన. అందరూ ఒక్కసారి దానిమీద పడితే కొండ అవసరం లేకుండానే చస్తారు."

"అందుకని మనం నలుగురం పిల్లిలా జారుకుందామా? ఏమీ కాకపోతే నవ్వుతారు, పడదాం. ఏదైనా అయితే ఆ తరవాత అన్నం ఎలా దిగుతుంది నీకు?"

"దిగదు! ఆ సంగతి నాకు తెలీదా?" ఆమె గట్టిగానే అరిచింది. "దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాను. మొదట మీ మొహాలే కనిపించాయి. ఏం చెయ్యమంటారు?"

అతను తల వంచుకున్నాడు. అత్తగారు సంచి వదిలేసింది. కింద పడ్డ గుడ్డల్ని ఆడపడుచు ఏరుకుని మళ్ళీ మడతపెడుతోంది.

టోపీ చేతిలోకి తీసుకుని అతనే అన్నాడు. "మీ పెద్దాయనకి ఫోన్ చెయ్యి. మాకు వినపడేలా చెయ్యి."

డైరెక్టరు ఆమెకి కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. రాయిని సుత్తితో ఎలా కొట్టాలో, కొట్టాక ముందు ఏం చూడాలో ఆయనే నేర్పాడు. ఫోను వెంటనే ఎత్తాడు.

"ఎక్కడున్నావు? చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయావు!"

"ఇంటి దగ్గరున్నాను సార్. ఆ గాజు మీరూ చూశారు."

"చూశాను. చారెడు బూడిద చూసి ఊరు ఖాళీ చేయించమంటావా? సినిమాహాలు అనుకున్నావా తలుపులు తెరిచి పొమ్మనడానికి? ఆసుపత్రి ఉంది, జైలు ఉంది. రేపు ఏమీ జరక్కపోతే ఇంకెప్పుడూ మన మాట ఎవడూ వినడు."

"జరిగితే వినడానికి ఎవరుంటారు సార్?"

"చూడమ్మా, నువ్వు భయపడిపోయావు. భయపడ్డవాళ్ళకి మైక్రోస్కోపులో భయమే కనపడుతుంది."

ఆయన మాట ఎప్పటిలా నెమ్మదిగానే ఉంది. కానీ మాటకీ మాటకీ మధ్య గుటక వేస్తున్నాడు. ఆమెకి ఆ గుటక వినిపించింది.

"సార్, మేడంగారూ పిల్లలూ ఎక్కడున్నారు?"

ఆయన గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"సార్?"

"వాళ్ళు... వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళారు. పొద్దున్నే. అది ఎప్పుడో అనుకున్న ప్రయాణం."

"బడి ఉన్న రోజా సార్?"

ఫోను కట్టయింది.

డ్రైవరు లేచి టోపీ పెట్టుకున్నాడు. తల్లివైపు తిరిగాడు. "అమ్మా, చెప్పులేసుకో."

ఆవిడ కదల్లేదు. ఆవిడ కళ్ళు కోడలి మీదున్నాయి. రాళ్ళ డాక్టరు గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. కట్టుకోలేకపోతోంది. తాడు వేళ్ళలోంచి జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది, మళ్ళీ జారిపోతోంది.

అత్తగారు వచ్చి కిందికి వంగి ఆ తాడు తన చేతిలోకి తీసుకుంది.

"చేతులు వణుకుతున్నాయేమే అమ్మాయ్?"

"అవునత్తయ్యా."

"కొండ మీద అరికాళ్ళు బొబ్బలెక్కి వచ్చినప్పుడు కూడా నవ్వుతూ మందు రాయించుకున్నావు కదే."

ఆవిడ ఒక ముడి వేసి, బిగించి, దానిమీద ఇంకో ముడి వేసింది. మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"గతుకుల్లో నెమ్మదిగా నడపమను వాణ్ణి," అంది. వెళ్ళి వంటింట్లో స్టవ్ ఆర్పేసింది.

* * *

బస్సు ఇంటి గుమ్మం ముందుకొచ్చి ఆగకుండా హారన్ కొడుతుంటే వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. సంగతి విని కొందరు నవ్వారు, కొందరు కొండవైపు చూశారు. కొండ నిర్మలంగా ఉంది. శిఖరం మీద ఎప్పుడూ ఉండే తెల్లటి తలపాగా లాంటి పొగ కూడా లేదు.

"రాళ్ళ డాక్టరుగారికి ఏ రాయో తలకి తగిలినట్టుంది," అన్నాడు పక్కింటి టైలరు, మెడలో టేపు వేలాడుతుండగా. "ఇంత చక్కటి పూట ఊరొదిలి పొమ్మంటారేంటండీ?"

మీ ఆయన్ని తెప్పిస్తాంలే అని నచ్చజెప్పి కూతుర్ని చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తున్న అత్తగారు వెనక్కి తిరిగింది.

"ఒరే! ఎదురుకాళ్ళతో పుట్టినవాడివి నువ్వు. నిన్ను బయటికి లాగిన చెయ్యి ఇదే. సాయంత్రం పెద్దవాళ్ళు కమిటీ వేసుకున్నాక లాగుదాంలే అని ఆ రోజు నేను కూర్చుని ఉంటే, ఇవాళ ఇక్కడ నిలబడి పళ్ళికిలించేవాడివా? ఎక్కు!"

టైలరు లోపలికి వెళ్ళి పెళ్ళాన్నీ, పిల్లల్నీ, కుట్టుమిషను తలకాయనీ తెచ్చుకుని ఎక్కాడు. అతని వెనకే ఇంకో కుటుంబం. ఆ వెనక ఇంకొకరు. ఆ వీధిలో సగంమంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. పై వీధులకి కబురు చెప్పడానికి ఒకడు సైకిలెక్కాడు.

ఎదురింటి ముసలాయన మాత్రం అందర్నీ ఒకసారి చూసి తలుపేసుకున్నాడు. రాళ్ళ డాక్టరు వెళ్ళి ఆ తలుపు బాదింది. లోపల రేడియో గొంతు పెరిగింది తప్ప తలుపు తెరుచుకోలేదు.

ఆమె తిరిగొచ్చి జీపు దగ్గరికి నడుస్తుంటే భర్త అడ్డం వచ్చాడు.

"అటెక్కడికి? బస్సెక్కు."

"క్వారీకి. అన్నయ్యనీ, అక్కడివాళ్ళనీ దింపుకొస్తాను."

"బావకోసం నేను వెళ్తాను. నువ్వెక్కు."

"బస్సెవరు నడుపుతారు? నేనా?"

అతను బస్సువైపు చూశాడు. కిటికీల నిండా మొహాలు. జీపు తలుపు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఎప్పటికి వస్తావు?"

"వెళ్ళి రావడమే."

"అది జవాబు కాదు."

"నా దగ్గర అదొక్కటే ఉందండీ."

అతను జీపు తలుపు మీదినుంచి చెయ్యి తీసేశాడు.

బస్సు కిటికీలోంచి ఆడపడుచు తల బయటపెట్టింది. "వదినా, ఆయన్ని తీసుకునే రా. ఉత్త చేతులతో రాకు."

* * *

కొండదారిలో ఎదురుగా ఒక్క బండీ రాలేదు. గాలి ఎంత శుభ్రంగా ఉందంటే ఆమె యాక్సిలరేటరు మరింత తొక్కింది. ఈ దారిలో వెళ్ళినప్పుడల్లా గంధకం ఘాటుకి కళ్ళు మండేవి. ఆ మంటకోసం ముక్కు ఎగబీల్చి చూసింది. ఏమీ లేదు.

ఒక మలుపు దగ్గర జీపు ఆపేసింది. ఆపాలని అనుకోలేదు. కాలే బ్రేకు మీద పడింది.

పక్కన గట్టు మీదినుంచి చిన్న చిన్న రాళ్ళు, ఎవరూ తన్నకుండానే, ఒకటీ అరా దొర్లి రోడ్డు మీద పడుతున్నాయి. కొన్ని పడి ఆగాయి. మళ్ళీ కొన్ని పడ్డాయి. నేల తుమ్ముకి ముందు ముక్కులా అదురుతోంది.

ఇక్కడినుంచి వెనక్కి తిరిగితే అడిగేవాళ్ళు లేరు. దారి మూసుకుపోయిందని చెప్పొచ్చు. ఎవరు చూడొచ్చారు? స్టీరింగు మీద నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. అమ్మ గుర్తొచ్చింది, చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయిన అమ్మ. "భయమేస్తే వేయనీ. కాళ్ళు మాత్రం ఆపకు," అనేది వానలో బడికి పంపిస్తూ.

గేరు వేసింది.

క్వారీలో మధ్యాహ్నపు విశ్రాంతి. కూలీలంతా రేకుల షెడ్డు కింద క్యారియర్లు తెరిచి కూర్చున్నారు. ఆమె జీపు దిగుతూనే అరిచింది. ఏం అరిచిందో ఆమెకే సరిగా తెలీదు. మొదట వాళ్ళూ నవ్వబోయారు. ఇంతలో డ్రిల్లు పట్టే మనిషి ఒకడు తింటున్న చెయ్యి ఆపాడు.

"పొద్దున్నుంచి గుంటలో నీళ్ళు వెచ్చగా ఉన్నాయమ్మా. ఎండకనుకున్నాం."

"చెయ్యి పెట్టగలిగేంత వెచ్చనా?"

"పెట్టి తీసేసేంత."

ఇక ఎవరూ నవ్వలేదు. క్యారియర్లు ఎక్కడివక్కడ వదిలేసి రాయి మోసే లారీ మీదికి ఎగబాకారు. ఆమె గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క మొహం చూస్తోంది. అందరూ ఎక్కారు. మేస్త్రి కనిపించలేదు.

"మా అన్నయ్యేడి? మేస్త్రి ఎక్కడ?"

ఫోన్ల పెట్టె చంకలో పెట్టుకున్న వాచ్‌మన్ ఆమెని వింతగా చూశాడు.

"పొద్దున మీ ఆఫీసు బండే వచ్చి తీసుకెళ్ళింది కదమ్మా. పైకి."

"పైకంటే?"

"కొండ అంచుకి. ఆవిరి పట్టే గొట్టం మూసుకుపోయిందట. రాయి తొలచడం తెలిసిన మనిషి కావాలని మీ పెద్దాయనే ఫోన్ చేశారు. మేస్త్రి ముందు పోనన్నాడు. ఇంట్లో ఆవిడకి నెలలు నిండాయి, ఇప్పుడు పైకి రానన్నాడు. రాళ్ళ డాక్టరుగారే నిన్ను పంపమన్నారయ్యా అని చెప్పాక ఇంక మారుమాట్లాడలేదు. మా చెల్లెమ్మే అందంటే భయం లేదులే అని బండెక్కాడు." వాచ్‌మన్ ఆగాడు. "మీరే పంపమన్నారు కదమ్మా?"

ఆమె గేటు ఊచ పట్టుకుంది.

ఆయన పైకి ఆమె మాట కొట్టేశాడు. ఆమె చూసింది భయమన్నాడు, తన పెళ్ళాం పిల్లల్ని మాత్రం పొద్దున్నే ఊరు దాటించాడు. గొట్టం మూసుకుపోయిందన్నాడు, కొండ మూసుకుపోయిందనలేదు. మనిషిని పైకి పంపడానికి ఆమె పేరే వాడుకున్నాడు.

లారీ కదిలింది. వాచ్‌మన్ పరుగెత్తి వెనక పట్టుకుని ఎక్కాడు. కోటు జేబులో ఫోను మోగింది.

"వంతెన దాటేశాం," అన్నాడు భర్త. వెనకాల పిల్లల ఏడుపులు, అత్తగారు ఎవర్నో కసురుకోవడం వినిపిస్తున్నాయి. "అందరం బాగానే ఉన్నాం. చెల్లికి ఏమీ కాలేదు. పై వీధులవాళ్ళు కూడా నడిచి వస్తున్నారు. నువ్వు బయల్దేరావా?"

ఆమె నోరు తెరిచేలోపే అవతల ఫోను చేయి మారింది.

"వదినా! ఆయనున్నారా? ఒక్కసారి ఆయనకివ్వు."

లారీ మలుపు తిరుగుతోంది. దాని వెనక లేచిన దుమ్ము గాలి లేక అక్కడే నిలబడిపోయింది.

"వదినా?"

"అన్నయ్య లారీ ఎక్కేశారమ్మా. ఈ మోతలో ఏం వినపడదు. కిందికొచ్చాక మాట్లాడతారు."

"నిజంగా?"

"నిజంగా."

అవతల చిన్న ఏడుపు, దానిమీదే చిన్న నవ్వు. ఫోను మళ్ళీ భర్త చేతికి వెళ్ళినట్టుంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని మౌనాలన్నీ ఆమెకి తెలుసు. ఇది కొత్తది.

"నువ్వు ఆ లారీ వెనకే వస్తున్నావు కదూ?" అన్నాడు మెల్లగా.

గేటు ముందు రోడ్డు రెండుగా చీలింది. ఒకటి ఊరివైపు దిగుతుంది. రెండోది కొండ అంచుకి ఎక్కుతుంది. దాని మీద ఆఫీసు బండి టైర్ల గుర్తులు పొద్దుటి బూడిదలో అచ్చుగుద్దినట్టు పైకి వెళ్ళాయి. తిరిగొచ్చిన గుర్తులు లేవు.

"వస్తున్నానండీ," అంది.

ఫోను సీటు మీద పడేసి, జీపుని పైదారి పట్టించింది.